ర్యాకును వెనక వైపు నుంచి కట్టండి

గిటారు ర్యాకు, అంటే యాంపులూ ఎఫెక్ట్స్ యంత్రాలూ ఒకదాని మీద ఒకటి బిగించిన పెట్టె, కట్టించుకుంటామని నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లు దాదాపు అందరూ ముందు వైపు బొమ్మ గీసుకుని వస్తారు. పైన ఎఫెక్ట్స్ ప్రాసెసర్, దాని కింద ప్రీయాంప్, చుట్టూ నీలం దీపాలు. వెనక వైపు ఏముంటుందని అడిగితే తల గోక్కుంటారు. నేను ఒడిశాలోని బరంపురంలో మెలోడీ పార్టీల యాంప్లిఫయర్లు బాగుచేస్తూ, వాళ్లతో పాటు ఊళ్లు తిరుగుతూ బతికేవాణ్ణి. మా వైపు ఆర్కెస్ట్రా బృందానికి మెలోడీ పార్టీ అని పేరు. వేదిక మీద ర్యాకు మొరాయిస్తే లోపం ముందు వైపు బటన్లలో కనిపించడం బాగా అరుదు. వదులైన ప్లగ్గు, లేని ఎర్త్, ఊడిన టంకం, తప్పుగా గుచ్చిన స్పీకరు తీగ, అన్నీ వెనకే ఉంటాయి. అందుకే నేను కట్టేటప్పుడు కరెంటు ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి ముందుకు వస్తాను. ఈ వ్యాసం కూడా అదే దారిలో నడుస్తుంది.

అసలు మీకు ర్యాకు కావాలా? ఇంట్లో సాధన చేసుకునేవారికి, ఆదివారం చర్చిలో వాయించేవారికి స్పీకరు కూడా అందులోనే ఉండే ఒక చిన్న కాంబో యాంప్, కాలితో నొక్కే రెండు మూడు ఎఫెక్ట్స్ డబ్బాలు, అంటే పెడల్స్, చాలు. ర్యాకు కొంటే వాళ్లకు మిగిలేది నడుం నొప్పే. ఒకే రాత్రి ఒడియా పాట, వెంటనే తెలుగు పాట, ఆ వెనకే హిందీ కవ్వాలీ వాయించాల్సినవాళ్లు, యాంకర్ రెండు మాటలు మాట్లాడే లోపల గిటారు స్వరం మార్చాల్సినవాళ్లు, తెల్లవారేసరికి సామానంతా వ్యానెక్కించి మరో ఊరు చేరాల్సినవాళ్లు ఉంటారు. ర్యాకు వాళ్ల కోసం.

ఈ పద్ధతి పుట్టింది కూడా అలాంటి అవసరం నుంచే. 1980ల్లో లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో రకరకాల పాటలకు వాయించే గిటారిస్టులకు బాబ్ బ్రాడ్‌షా స్విచింగ్ వ్యవస్థలు కట్టి ఇచ్చాడు. 1983లో మిడి, అంటే సంగీత యంత్రాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే డిజిటల్ పద్ధతి, వచ్చింది. దానితో ఒక్క ఫుట్‌స్విచ్ నొక్కి నాలుగైదు యంత్రాలను ఒకేసారి మార్చడం వీలైంది. 1987లో ఏడీఏ సంస్థ విడుదల చేసిన ఎంపీ-1 మిడితో నడిచే వాల్వు (గాజు గొట్టం) ప్రీయాంప్. ఆ తరువాత బ్రూస్ ఎగ్నేటర్ రూపకల్పనలతో రాండాల్ సంస్థ మార్చుకోగలిగే ప్రీయాంప్ మాడ్యూళ్లు అమ్మింది. ఒకే డబ్బా, అందులో కావలసిన స్వరానికి కావలసిన మాడ్యూలు. ఇప్పుడు సినర్జీ మాడ్యూళ్లు అదే దారిలో వస్తున్నాయి.

మాడ్యులర్ ర్యాకులో పని విడివిడిగా పంచి ఉంటుంది. స్వరానికి రూపం ఇచ్చేది ప్రీయాంప్. దానికి డిలే (ప్రతిధ్వని), రివర్బ్ (పెద్ద గదిలో మోగిన గుణం), కోరస్ (పలు గిటార్లు కలిసి పలికినట్టుండే గుణం) చేర్చేది ఎఫెక్ట్స్ ప్రాసెసర్. స్పీకరును కదిలించగల బలం ఇచ్చేది పవర్ యాంప్. ఏది చెడితే దాన్నొక్కదాన్నే విప్పి మరొకటి బిగించుకోవచ్చు. పర్లాకిమిడిలో ఉండే మా మేనల్లుడికి కట్టిన ర్యాకునే ఉదాహరణగా తీసుకుంటాను. అందులో అన్నింటికంటే కింద కరెంటు పంపిణీ పలక, దాని పైన పవర్ యాంప్, ఆ పైన గాలి ఆడేందుకు చిల్లుల పలక, తరువాత ఎఫెక్ట్స్ ప్రాసెసర్, ప్రీయాంప్, పెడల్స్‌ను సిగ్నల్ దారిలో కలిపే, తప్పించే లూప్ స్విచర్ ఉన్నాయి. అన్నింటికీ పైన పెడల్స్ పెట్టుకునే సొరుగు. సొరుగు రెండు యూలు, మిగతావి ఒక్కో యూ, వెరసి ఎనిమిది యూలు. ఒక యూ అంటే 1.75 అంగుళాల ఎత్తు, అంటే 44.45 మి.మీ. ఎనిమిది యూలకు 355.6 మి.మీ. ఇద్దరు పట్టుకుని వ్యానులోకి ఎక్కించగల పెట్టె. అంతకు మించి కట్టమని అడిగితే నేను ముందు మోసేవాళ్ల పేర్లు అడుగుతాను.

కరెంటు

వేదిక దగ్గర నేను ముందు బయటికి తీసేది మల్టీమీటర్. దాన్ని ఏసీ వోల్టుల మీద పెట్టి సాకెట్లో మూడు కొలతలు చూడాలి. అలవాటు లేనివారు ఈ పని ఎలక్ట్రీషియన్ చేత చేయించుకుని, అంకెలు మాత్రం తమ కళ్లతో చూసుకోవాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులకు అటూఇటూగా ఉండాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజు నుంచి ఎర్త్‌కు నూరో, నూటపదో చూపిస్తూ అంకె నిలకడ లేకుండా ఊగుతోందంటే ఆ మూడో చిల్లుకు వెనక తీగ లేదని అర్థం. టెంట్‌హౌస్ కుర్రవాణ్ణి అడిగితే "ఆజ్ఞా, అర్థింగ్ అఛి" అంటాడు. ఉందనే అంటాడు పాపం, ఎందుకంటే సాకెట్లో చిల్లు కనిపిస్తోంది కదా.

ఇంతకంటే ప్రమాదకరమైనది వదులైన న్యూట్రల్. బరంపురంలో రెండేళ్లకొకసారి ఠాకురాణీ యాత్ర అనే అమ్మవారి జాతర జరిగే రోజుల్లో వీధుల నిండా దీపాలే. అలాంటి చోట్ల మూడు ఫేజుల సరఫరా తీసుకుని దీపాలకు ఒకటి, సౌండుకు ఒకటి పంచుతారు. ఎక్కడో న్యూట్రల్ ఊడితే లోడు తక్కువగా ఉన్న ఫేజు మీద వోల్టేజి 230 దాటి పైకి పాకుతుంది, 400 దగ్గరికి కూడా వెళ్లగలదు. దీపాలు ఒక వైపు మసకబారి మరో వైపు మరీ ప్రకాశంగా వెలుగుతుంటే అది అలంకారం అనుకోకండి, మీ ప్లగ్గు పీకేయండి. వోల్టేజి హద్దు దాటితే దానంతట అదే తెంచేసే పరికరం ఒకటి పంపిణీ పలకకు ముందు పెట్టుకుంటే రాత్రి నిశ్చింతగా వాయించుకోవచ్చు. రిలే రకం స్టెబిలైజర్ మీద నాకు పెద్ద మోజు లేదు. మెట్టు మారినప్పుడల్లా టక్కుమంటుంది, ఒక్కోసారి ఆ టక్కు స్పీకర్లోనూ వినిపిస్తుంది.

పంపిణీ పలకలోకి ఒకటే తీగ రావాలి. మూడు కోర్ల రాగి తీగ, 1.5 చదరపు మి.మీ. మందం. లోపల లోడు మించితే తెంచే ఎంసీబీ ఒకటి, కరెంటు ఎర్త్‌కు లీకైతే తెంచే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, ఆ వెనక సాకెట్లు. యంత్రాల వెనక రాసి ఉన్న వాట్లన్నీ కూడి చూసుకోండి. ఆరు యాంపుల సాకెట్ 230 వోల్టుల దగ్గర మోయగలిగేది 1,380 వాట్లు. మా మేనల్లుడి మొత్తం అందులో సగం కూడా రాలేదు. ఆర్‌సీసీబీ ఖర్చు దండగ అనేవాళ్లకు నేను లెస్ హార్వే పేరు చెబుతాను. స్టోన్ ది క్రోస్ బృందంలో గిటారిస్టు. 1972లో స్వాన్సీలో వేదిక మీద ఎర్త్ సరిగా లేని మైకును తాకి అక్కడికక్కడే చనిపోయాడు. గిటారు తీగల మీద చేయి, మైకు మీద పెదవి, ఈ రెండింటి మధ్య ఉన్నది మీ ఒళ్లే.

బయటి దేశాల నుంచి వచ్చిన పాత యంత్రాలు కొనేటప్పుడు ముందు వైపు గీతలు ఉన్నాయా అని చూడటం మాని వెనక పలక తిప్పి చదవండి. అమెరికా సరుకు 120 వోల్టులు, జపాన్ సరుకు 100 వోల్టులు. లోపల 230కి మార్చుకునే వీలుంటే మార్పించి, ఫ్యూజు కూడా ఆ వోల్టేజికి తయారీదారు చెప్పినదే వేయించండి. సాధారణంగా అది 120 వోల్టుల ఫ్యూజు విలువలో సగానికి దగ్గరగా ఉంటుంది. వీలు లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. దాని సామర్థ్యం యంత్రం వాడే వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. దాన్ని ర్యాకు లోపల పెట్టకండి, దాని చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం ప్రీయాంప్‌లోకి హమ్‌గా, అంటే ఆగని మూలుగుగా, దిగుతుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. కేవలం 60కి మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన దగ్గర మరింత వేడెక్కుతుందని గుర్తుంచుకుని దాని చుట్టూ గాలికి చోటు వదలండి.

హమ్

హమ్ పోవాలంటే ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేయమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పీకితే నిజంగానే హమ్ పోతుంది. దానితో పాటు మీ ప్రాణానికి ఉన్న కాపలా కూడా పోతుంది. ఎర్త్ పిన్ను ముట్టుకోవద్దు. హమ్‌ను సిగ్నల్ తీగల దగ్గరే పట్టుకోవాలి.

ముందు ఏ రకం శబ్దమో చెవితో తేల్చుకోండి. లోతుగా, మందంగా మోగేది 50 హెర్ట్జ్ హమ్, ఎక్కువగా గ్రౌండ్ లూప్ వల్ల వస్తుంది. రెండు యంత్రాలు కరెంటు ఎర్త్ ద్వారా ఒకసారి, సిగ్నల్ తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక, అంటే షీల్డు, ద్వారా మరోసారి కలిసినప్పుడు ఆ చుట్టులో కరెంటు తిరుగుతుంది. కాస్త పైస్థాయిలో కరకరమంటూ వినిపించే 100 హెర్ట్జ్ శబ్దం పవర్ సప్లైలో ముసలివైన కెపాసిటర్ల వల్ల కావచ్చు. దీపాల డిమ్మర్ తిప్పినప్పుడల్లా మారే కీచుదనం దీపాలదే, తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే గిటారు పికప్ దాన్ని గాల్లోంచి పట్టుకుంటుంది. గిటారు పట్టుకుని చుట్టూ తిరిగి చూడండి, ఒక దిశలో తగ్గితే అదే సాక్ష్యం. ఆ దిశకు తిరిగి వాయించడమే చౌకైన వైద్యం.

గ్రౌండ్ లూప్‌కు నేను నమ్ముకున్నది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. సిగ్నల్ అయస్కాంతంగా దాటుతుంది, తీగ మాత్రం తెగి ఉంటుంది. ర్యాకు నుంచి మిక్సర్‌కు పోయే తీగలో ఇది డీఐ బాక్సు (సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న డబ్బా) రూపంలో ఉంటుంది. దాని మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట (సిగ్నల్ తీగ షీల్డును తెంచేది) పైకీ కిందికీ వేసి, ఏ వైపు నిశ్శబ్దంగా ఉంటే ఆ వైపు వదిలేయండి. ర్యాకు లోపల యంత్రాల లోహపు చెవులు (ముందు పలక రెండు అంచులు) ఇనుప పట్టీకి తగిలి మరో లూపు కడతాయి. స్క్రూ చుట్టూ భుజం ఉన్న ప్లాస్టిక్ వాషర్లు వేస్తే ఆ తగులుబాటు పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న యంత్రానికి దాని ద్వారా ఎర్త్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇందులో ప్రమాదం లేదు.

తీగలు పరచడంలో క్రమశిక్షణ ఉంటే సగం హమ్ పుట్టదు. వెనక నుంచి చూసినప్పుడు కరెంటు తీగలన్నీ ఎడమ వైపు, సిగ్నల్ తీగలన్నీ కుడి వైపు. రెండూ ఎదురుపడక తప్పని చోట అడ్డంగా దాటాలి, పక్కపక్కన నడవకూడదు. మిగిలిన తీగను చుట్ట చుట్టి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కుక్కకండి. కొలిచి కోసి, టంకం వేసుకోండి. పెడల్స్‌కు ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంటు ఇవ్వడం కూడా సణుగుడుకు మూలం. ఒక్కో పెడల్‌కు విడి అవుట్‌పుట్ ఉన్న ఐసొలేటెడ్ సప్లై కొనండి. చాలా పెడల్స్‌కు కావలసింది తొమ్మిది వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్. తిప్పి గుచ్చితే కొన్ని పెడల్స్ తిరిగి పలకవు.

పెట్టె

పెట్టె వడ్రంగి మేస్త్రీ చేత చేయించుకోవచ్చు. తేమకు విడిపోని మెరైన్ ప్లై, 12 మి.మీ. మందం. చిల్లుల ఇనుప పట్టీలు మాత్రం తయారుగా దొరికేవే కొనండి. ర్యాకు చిల్లులు సమానమైన ఎడంలో ఉండవు. 15.9, 15.9, 12.7 మి.మీ. చొప్పున మళ్లీ మళ్లీ వస్తాయి. మేస్త్రీ ఎంత మంచివాడైనా సమానంగానే తొలుస్తాడు, ఆ తరువాత ఏ యంత్రమూ కూర్చోదు. పట్టీలు, కేజ్ నట్లు, ఎం6 స్క్రూలు, కనెక్టర్లు నేను కోల్‌కతా చాందినీ చౌక్ మార్కెట్లో తెచ్చుకుంటాను. బరంపురంలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి హౌరా. యంత్రం ముందు పలక వెడల్పు 482.6 మి.మీ., ఎదురెదురు చిల్లుల మధ్య దూరం 465.1 మి.మీ. ఈ అంకెలు చెప్పి వదిలేయకుండా ఒక యంత్రాన్నే తీసుకెళ్లి మేస్త్రీ ముందు పెట్టండి. లోతు కొలిచేటప్పుడు అన్నింటికంటే పొడవైన యంత్రానికి మరో మూడు అంగుళాలు కలపండి, ప్లగ్గులకూ తీగల వంపులకూ ఆ చోటు కావాలి.

ముందు పట్టీలు మాత్రమే వేయించి ఊరుకోవద్దు. వెనక కూడా పట్టీలు ఉండాలి, రెండు కారణాలతో. బరువైన పవర్ యాంప్ ముందు నాలుగు స్క్రూల మీదే వేలాడితే తప్తపాణి ఘాటు దిగేసరికి దాని చెవులు వంగుతాయి. మోహన మీదుగా రాయగడ వైపు వెళ్లే పార్టీల యాంపులకు వంగిన చెవులు నేను సుత్తితో సరిచేస్తూనే ఉంటాను. రెండో కారణం, ఈ ర్యాకు మొత్తంలో నాకు అన్నింటికంటే ముఖ్యమైన భాగం, వెనక పలక.

ఒక యూ ఎత్తు అల్యూమినియం పలక తీసుకుని దాని మీద బయటికి కావలసిన కనెక్టర్లన్నీ బిగించండి. గిటారుకు 6.35 మి.మీ. జాక్, ఫుట్ కంట్రోలర్‌కు ఐదు పిన్నుల మిడి సాకెట్, మిక్సర్‌కు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్ఆర్, స్పీకర్లకు తిప్పి బిగించే స్పీకాన్ సాకెట్లు రెండు. ఆ పలక నుంచి లోపలి యంత్రాలకు శాశ్వతంగా తీగలు వేసేయండి. ఇక వేదిక మీద ఎవరూ యంత్రాల వెనక చేయి పెట్టనక్కర్లేదు. స్పీకరుకు జాక్ కాకుండా స్పీకాన్ పెట్టమనడం ఊరికే కాదు. రెండూ జాక్‌లైతే చీకట్లో ఎవరో ఒకరు గిటారు తీగను స్పీకరుకు గుచ్చుతారు. షీల్డు తీగ లోపలి సన్నని కోరు ఆ కరెంటుకు వేడెక్కుతుంది, కొన్ని యాంపులు దానితో అస్థిరమై పాడవుతాయి కూడా. స్పీకరుకు 2.5 చదరపు మి.మీ. రెండు కోర్ల మామూలు తీగ వాడండి. ఇంకో సంగతి, చాలా క్లాస్-డి యాంపుల్లో (తేలికైన ట్రాన్సిస్టర్ రకం) స్పీకరుకు వెళ్లే రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది, ఏదీ ఎర్త్ కాదు. లోహపు జాక్ వాడితే దాని ఒళ్లు పలకకు తగిలి అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది. స్పీకాన్‌తో ఆ గొడవ కూడా లేదు.

పవర్ యాంప్, స్పీకర్లు

"మామయ్యా, పవర్ యాంప్ కూడా వాల్వుదే పెడదాం" అని మా మేనల్లుడు చాలా బతిమాలాడు. వాల్వు పవర్ యాంప్ స్వరం బాగుంటుంది, నేను కాదనను. కానీ దాని ట్రాన్స్‌ఫార్మర్ల బరువు వేరు, వేడి వేరు. పైగా స్పీకరు తగిలించకుండా ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. హడావుడిగా సామాను సర్దే మెలోడీ వేదికకు అది తగదు. వాల్వు ప్రీయాంప్, క్లాస్-డి పవర్ యాంప్ అన్న జోడీ దగ్గర ఒప్పించాను. వాల్వు పవర్ యాంపే కావాలనుకునేవారు స్పీకరు ఇంపెడెన్సుకు సరిపడే సాకెట్లోనే తీగ పెట్టాలి, స్టాండ్‌బై మీట వేయడానికి ముందు ఒక నిమిషం వేడెక్కనివ్వాలి.

ఇంపెడెన్సు, అంటే కరెంటుకు స్పీకరు చూపే అడ్డు, లెక్క చిన్నదే. 8 ఓముల క్యాబినెట్లు రెండు సమాంతరంగా పెడితే 4 ఓములు. 16 ఓములవి రెండైతే 8. యాంప్ వెనక కనీసం 4 ఓములని రాసి ఉంటే అంతకంటే తక్కువకు దిగకూడదు. రెండు స్పీకాన్లు ఇచ్చారు కదా అని మూడో క్యాబినెట్‌ను మరొకరి క్యాబినెట్ నుంచి గొలుసుగా లాగేవాళ్లు ఈ లెక్క ముందు వేసుకోవాలి.

సిగ్నల్ దారి

గిటారు నుంచి వచ్చే సిగ్నల్ బలహీనం. దాన్ని తీసుకునే మొదటి యంత్రం ఇన్‌పుట్ ఇంపెడెన్సు ఒక మెగాఓము దరిదాపుల్లో ఉండాలి. షీల్డు తీగకు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్సు ఉంటుంది, పొడవు పెరిగేకొద్దీ స్వరంలోని పదును తగ్గుతుంది. అందుకే గిటారు నుంచి ఆరు మీటర్లకు మించని తీగ, వెనక పలక దాటగానే బఫర్, అంటే సిగ్నల్‌కు దూరం మోసే బలం ఇచ్చే చిన్న సర్క్యూట్. బఫర్ తరువాత ర్యాకు లోపల తీగ ఎలా తిప్పినా పెద్ద నష్టం లేదు. పాత రకం ఫజ్ పెడల్ వాడేవారు మాత్రం దాన్ని బఫర్‌కు ముందే పెట్టుకోవాలి, వెనక పెడితే దాని స్వభావం మారిపోతుంది.

బఫర్ తరువాత లూప్ స్విచర్. వా, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్ వంటి పెడల్స్ దాని లూపుల్లో ఉండి ప్రీయాంప్‌కు ముందు పలకాలి. డిలే, రివర్బ్ ప్రీయాంప్ తరువాత రావాలి. ముందు పెడితే ప్రతిధ్వనులు కూడా డిస్టార్షన్‌లో నలిగి ముద్దవుతాయి. వాయించనప్పుడు సణుగుడును మూసేసే నాయిస్ గేటు ప్రీయాంప్‌కూ డిలేకూ మధ్య పెట్టండి. చివర పెడితే రివర్బ్ తోకను కోసేస్తుంది.

స్థాయిల దగ్గరే ఎక్కువ మంది చిక్కుకుంటారు. ర్యాకు యంత్రాల వెనక తరచూ చిన్న మీట ఒకటి ఉంటుంది, ఒక వైపు మైనస్ 10, మరో వైపు ప్లస్ 4. మైనస్ 10 డీబీవీ అంటే 0.316 వోల్టులు, ప్లస్ 4 డీబీయూ అంటే 1.23 వోల్టులు. నాలుగు రెట్ల తేడా. ప్రీయాంప్ ఎక్కువ ఇస్తుంటే, ప్రాసెసర్ తక్కువకు పెట్టి ఉంటే డిజిటల్ పగులు వినిపిస్తుంది, అది ఓవర్‌డ్రైవ్ కాదు. తిరగబడితే హిస్ పెరుగుతుంది. పవర్ యాంప్ వాల్యూం సున్నాలో ఉంచి, మీ దగ్గరున్న అన్నింటికంటే బిగ్గరైన ప్యాచ్ (యంత్రంలో దాచుకున్న స్వరం అమరిక) ఎంచుకుని, గట్టిగా వాయిస్తూ ప్రాసెసర్ ఇన్‌పుట్ దీపం పచ్చ దాటి పసుపు తగిలేలా ప్రీయాంప్ అవుట్‌పుట్ సర్దండి. ఎరుపు వెలగకూడదు. ఆ తరువాతే పవర్ యాంప్ పెంచండి. స్థాయి కుదిరాక ఆ గుండీల పక్కన మార్కర్‌తో గీత పెట్టుకోండి, ఎవరో ఒకరు తిప్పుతారు.

మిడి సులువు. ఐదు పిన్నుల తీగ పొడవు 15 మీటర్లకు మించకూడదు. కంట్రోలర్, ప్రీయాంప్, ప్రాసెసర్, స్విచర్ అన్నీ ఒకే ఛానెల్ మీద పెట్టి, ఒకదాని త్రూ సాకెట్ నుంచి మరొకదాని ఇన్ సాకెట్‌కు గొలుసు కట్టండి. ప్యాచ్ సంఖ్యలు కొన్ని యంత్రాల్లో సున్నాతో, కొన్నింట్లో ఒకటితో మొదలవుతాయి. అంతా సరిగా ఉన్నా పక్క ప్యాచ్ పలుకుతుంటే కారణం ఇదే. పాట పేరుతో ప్యాచ్ చేయకుండా స్వరం పేరుతో చేయమని మా వాడికి చెప్పాను. కోరస్‌తో శుభ్రమైనది, కాస్త కరకు ఉన్నది, లీడు, లీడుకు డిలే కలిపినది. ఈ నాలుగింటితో మూడు భాషల పాటలూ గడిచిపోతాయి. డిలే కాలానికి 60,000ను పాట వేగంతో భాగించండి. నిమిషానికి 100 దెబ్బల పాటకు 600 మిల్లీసెకన్లు, దానిలో ముప్పావు 450. డ్రమ్మర్ వేగం పెంచేస్తే ఈ లెక్క చెల్లదు, మా వైపు డ్రమ్మర్లు తెల్లవారుజామున పెంచుతారు కూడా. అందుకని, తాళానికి కాలితో తడితే డిలే కాలం కుదిర్చే ట్యాప్ స్విచ్ ఒకటి ఉంచుకోండి.

ఉప్పుగాలి, ఘాటు రోడ్లు

గోపాల్‌పూర్ తీరంలో వాయించి వచ్చిన ర్యాకులను నేను వాసన బట్టే గుర్తుపడతాను. ఉప్పుగాలికి జాక్‌ల లోపలి రాగి రేకులు నల్లబడతాయి. అందరినీ ఏడిపించే లోపం ఒకటుంది: ఎఫెక్ట్స్ లూపు (బయటి ఎఫెక్టును కలిపే సెండ్, రిటర్న్ జాక్‌ల జత) వాడకపోయినా వాల్యూం హఠాత్తుగా పడిపోతుంది, తీగ కదిపితే వస్తుంది, మళ్లీ పోతుంది. వాల్వు పోయిందని కొత్తది కొనేస్తారు. చాలాసార్లు అది రిటర్న్ జాక్ లోపలి స్విచ్ రేకుకు పట్టిన మసి. సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక చిన్న తీగ గుచ్చి చూడండి, ధ్వని తిరిగి వస్తే వాల్వుల జోలికి పోనక్కర్లేదు. ఒక ప్లగ్గు మీద కాంటాక్ట్ క్లీనర్ చల్లి ఆ జాక్‌లో పదిసార్లు ఆడించండి. వర్షాకాలంలో పెట్టె మూతలో సిలికా జెల్ సంచులు వేసి ఉంచండి. తెరిచి ఉన్న చిల్లులకు సన్నని జాలీ కొట్టించండి. లోపల బల్లి చేరి సర్క్యూట్ బోర్డు మీద మాడిపోయిన కేసులు నేను విప్పాను, ఆ వాసన గురించి రాయను.

రోడ్డు కుదుపులకు ప్రీయాంప్‌లోని 12ఏఎక్స్7 రకం వాల్వులు సాకెట్లోంచి పైకి లేస్తాయి. స్ప్రింగు ఉన్న లోహపు తొడుగు వేస్తే కదలవు. ప్రీయాంప్ ఆన్‌లో ఉండగా పై పలక మీద పెన్సిల్‌తో మెల్లగా తట్టినప్పుడు స్పీకర్లో గంట మోగినట్టు వినిపిస్తే ఆ వాల్వు మైక్రోఫోనిక్ అయింది, మార్చాలి. తట్టడం బయటి నుంచే. లోపల మూడొందల వోల్టుల దాకా ఉండవచ్చు, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. వాల్వు మార్చడం తెలిసినవాళ్ల చేత చేయించుకోండి.

ఆన్ చేసేటప్పుడు ప్రీయాంప్, ఎఫెక్ట్స్ ముందు, పవర్ యాంప్ చివర. ఆపేటప్పుడు పవర్ యాంప్ ముందు. తిరగేస్తే స్పీకర్లో పెద్ద చప్పుడు, ఏదో ఒక రోజు ఆ చప్పుడే ఆఖరిది అవుతుంది. జనరేటర్ మార్చే వేళ దీపాలవాళ్లు మీకు చెప్పరు, మీరే ఎవరినైనా అక్కడ కాపలా పెట్టుకోండి.

సొరుగులో పెడల్స్ పక్కన కొంత చోటు వదలండి. అక్కడ ప్రతి విలువకూ రెండేసి ఫ్యూజులు, ఒక 12ఏఎక్స్7, ఒక గిటారు తీగ, ఒక మిడి తీగ, రెండు మూడు ఎం6 స్క్రూలు, స్క్రూడ్రైవర్, టార్చి, మల్టీమీటర్ ఉండాలి. వెనక తలుపు లోపలి వైపు తీగల పటం అంటించండి: ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రంగు టేపు. పటాన్ని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రాయించండి, ఎందుకంటే రాత్రి రెండింటికి మీ ర్యాకు తెరిచి చూసే సౌండు కుర్రవాడికి ఏ లిపి వస్తుందో ముందుగా చెప్పలేం.